కాల్చినవాళ్లే కాగితం రాయొద్దు: పాలమూరు, నల్లగొండ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ్యులకు నమస్కారం.

పాత నల్లగొండ జిల్లా నుంచి 12 మంది, పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 14 మంది, మొత్తం 26 మంది మీరు. ముఖ్యమంత్రి గారు కూడా కొడంగల్ సభ్యుడిగా ఈ 26 మందిలో ఒకరే. జిల్లాలు విడిపోయి కొత్త పేర్లు వచ్చినా మా నోళ్లలో ఇంకా పాలమూరు, నల్లగొండ అనే మాటలే ఉన్నాయి. అందుకే మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైర్ అయినవాణ్ని. జూనియర్ అసిస్టెంట్‌గా చేరి డిప్యూటీ తహసీల్దార్‌గా బయటికొచ్చాను. ఏ పార్టీలోనూ లేను, ఏ సంఘంలోనూ సభ్యుణ్ని కాను.

మిమ్మల్ని ఒక చట్టం చేయమని అడుగుతున్నాను. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయినా, తీవ్రంగా గాయపడినా, ఏం జరిగిందో తేల్చే పని పోలీసు శాఖ చేతిలో ఉండకూడదు. పోలీసులతో రోజూ కలిసి పనిచేసే మా రెవెన్యూ శాఖ చేతిలో కూడా ఉండకూడదు. ఆ రెండింటికీ లోబడని ఒక స్వతంత్ర సంస్థను రాష్ట్ర చట్టంతో ఏర్పాటు చేయండి.

ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే ముందు నేను చేసిన ఒక పని చెప్పాలి. ఇన్నేళ్లూ ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1990లలో నల్లమల అంచున ఉన్న ఒక మండలంలో జూనియర్ అసిస్టెంట్‌గా ఉన్నాను. ఒక రోజు ఇంకా తెల్లవారకముందే ఇంటి ముందు జీపు ఆగింది. 'శవ పంచనామా ఉంది, ఎమ్మార్వో గారు రమ్మంటున్నారు' అన్నారు. నా చేతిరాత బాగుంటుందని ఇలాంటివాటికి నన్నే తీసుకెళ్లేవాళ్లు. అడవి దారిలో గంటసేపు పోయాక ఒక వాగు పక్కన దించారు. ఇరవై ఏళ్లు కూడా దాటని పిల్లవాడు వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కన ఒక తపంచా, ఒక కిట్‌బ్యాగు, కొన్ని కరపత్రాలు వరుసగా పేర్చి ఉన్నాయి. పంచులుగా, అంటే పంచనామాకు సాక్షులుగా, ముగ్గురిని దగ్గర్లోని ఊరి నుంచి తీసుకొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టారు. వాళ్లు శవం దాకా రానేలేదు.

ఒక పోలీసు అధికారి చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. లొంగిపొమ్మని హెచ్చరించారని, అవతలి నుంచి కాల్పులు మొదలయ్యాయని, ఆత్మరక్షణ కోసం ఎదురు కాల్పులు జరిపారని. పంచనామాలో పంచుల అభిప్రాయం రాయాల్సిన చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు. ముగ్గురు పంచుల్లో ఇద్దరు వేలిముద్రలు వేశారు, ఒకాయన సంతకం పెట్టాడు. చదివి వినిపించమని ఎవరూ అడగలేదు, నేనూ వినిపించలేదు.

ఆ పిల్లవాడి అంగీకి ఛాతీ దగ్గర తూటా రంధ్రం ఉంది. దాని చుట్టూ రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దగా గుడ్డ కమిలి నల్లబడి ఉంది. నేను చూశాను. రాయలేదు. రాయమని ఎవరూ చెప్పలేదు, రాయాలని నాకు తోచినా పెన్ను కదల్లేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక ప్రభుత్వ డాక్టరుతో మాటల మధ్య ఈ సంగతి వస్తే, తుపాకి చాలా దగ్గరగా పెట్టి కాల్చినప్పుడు అట్లా కమిలిన మరక వస్తుందని చెప్పాడు. ఎదురు కాల్పులని నేను రాసిన కాగితంలో దూరం ఎంత ఉందో గుర్తుందా అంటే, ఉంది. ఇప్పటికీ ఆ అంకె మరిచిపోలేదు.

నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మ ఆఫీసుకు వచ్చింది. ఎవరు చెప్పారో గానీ నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది.

'సారూ, మా పిలగాని కాగితం నువ్వే రాసినవంట. మావోడు ఎట్ల సచ్చిండో అండ్ల ఉన్నదా?'

ఉందమ్మా అన్నాను.

'జర సదివి చెప్పు' అంది.

కాగితం ఇక్కడ లేదమ్మా, పైకి పంపించాం అన్నాను. నిజానికి కార్బన్ కాపీ నా సొరుగులోనే ఉంది. ఆమె కొంచెంసేపు నిలబడి వెళ్లిపోయింది. కూర్చోమ్మా అని కూడా అనలేదు నేను.

ఇది ఒక్క ఆఫీసు కథ కాదు కాబట్టే మీ ముందు పెడుతున్నాను. ఎన్‌కౌంటర్ జరిగాక కాగితాలు ఎట్లా నడుస్తాయో లోపలి నుంచి చూసినవాణ్ని. మొదట పోలీసులే కేసు పెడతారు. ఆ కేసులో నిందితులు చనిపోయినవాళ్లే. పోలీసుల మీద హత్యాయత్నం చేశారని వాళ్ల మీదే సెక్షన్ 307 వేసేవాళ్లు. ఇప్పుడు ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సెక్షన్ నంబరు 109 అయింది, అంతే తేడా. నిందితుడు చనిపోయాడు కాబట్టి కేసు ముందుకు నడవదు, మూసేస్తారు. అంటే చంపినవాళ్లు ఫిర్యాదుదారులు, చచ్చినవాడు ముద్దాయి, దర్యాప్తు చేసేది ఫిర్యాదుదారుల శాఖ. భూమి తగాదాలో ప్రతివాది చేతికే గొలుసు ఇచ్చి హద్దులు కొలుచుకోమని మేం ఎప్పుడూ అనలేదు. అట్లా కొలిచిన సర్వేను ఏ కోర్టూ ఒప్పుకోదు. మనిషి ప్రాణం దగ్గర మాత్రం ఇన్నేళ్లుగా అదే జరుగుతోంది.

ఆ తర్వాత ఆర్డీఓ విచారణ. పేపర్లో జిల్లా పేజీల్లో ఒక మూలన చిన్న డబ్బాలో ఆ ప్రకటన వస్తుంది. ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన ఎదురు కాల్పుల్లో ఫలానా వ్యక్తి మరణించాడు, ఈ విషయమై తెలిసినవారు ఎవరైనా ఇన్ని రోజుల్లోగా రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయానికి వచ్చి వాంగ్మూలం ఇవ్వవచ్చు. అలాంటి ప్రకటనలు నేనే నోటీసు బోర్డుకు అంటించాను. అడవిలో, తెల్లవారుజామున, పోలీసులు తప్ప ఎవరూ లేని చోట జరిగినదాని గురించి 'తెలిసినవారు' ఎక్కడి నుంచి వస్తారు? తెలిసినవాడు ఒకడు ఉన్నా, ఆ ఆఫీసు మెట్లెక్కి పోలీసులకు వ్యతిరేకంగా చెప్పి మళ్లీ అదే ఊళ్లో బతకగలడా? నేను చూసినంతలో పోలీసులే ఒకే జీపులో వచ్చి, ఒకరి తర్వాత ఒకరు దాదాపు అవే మాటలు చెప్పి, అదే జీపులో వెళ్లిపోయేవాళ్లు.

ఆర్డీఓలందరూ చెడ్డవాళ్లని కాదు. నిజాయితీగా పనిచేసినవాళ్ల దగ్గరా నేను పనిచేశాను. కానీ ఆర్డీఓకు పొద్దున లేస్తే పోలీసుతోనే పని. ధర్నా జరిగినా, జాతరకు బందోబస్తు కావాలన్నా, ఆక్రమణలు తొలగించాలన్నా డీఎస్పీకి ఫోన్ చేయాల్సిందే. అట్లాంటి అధికారిని అదే డీఎస్పీ మీద తీర్పు చెప్పమనడం ఇద్దరికీ అన్యాయమే. కస్టడీలో మనిషి చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలని 2005లోనే నేర విచారణ పద్ధతి చట్టాన్ని (సీఆర్పీసీ) సవరించారు. ఎన్‌కౌంటర్ అన్న మాట తగిలిస్తే చాలు, ఫైలు మళ్లీ ఆర్డీఓ బల్ల మీదికే వస్తుంది.

ఇదంతా పాత కాలం సంగతి అనుకోకండి. తెలంగాణ వచ్చాక జరిగినవి చూడండి. 2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. సీట్లలో పడి ఉన్న శవాల చేతులకు బేడీలు ఉన్న ఫొటోలు దేశమంతా చూసింది. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లోని మిలీనియం టౌన్‌షిప్‌లో గ్యాంగ్‌స్టర్ నయీం పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. భువనగిరి నుంచి మొదలుపెట్టి ఎంతమందిని బెదిరించి భూములు రాయించుకున్నాడో నల్లగొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కాగితాల దగ్గర వణికిన రైతులను నేనే చూశాను. వాడి వెనుక నాయకులు, పోలీసు అధికారులు ఉన్నారని అప్పట్లో పెద్ద ఎత్తున ఆరోపణలు వచ్చాయి. వాడు బతికి కోర్టులో నోరు విప్పి ఉంటే ఆ పేర్లు నిజమో అబద్ధమో తేలేవి. 2019 డిసెంబర్ 6న మళ్లీ షాద్‌నగర్ దగ్గరే, చటాన్‌పల్లిలో, ఒక డాక్టరమ్మ మీద అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ నలుగురూ మక్తల్ వైపు పల్లెల వాళ్లు. ఐదేళ్లలోపే మూడు సంఘటనలు, మూడూ మన రెండు పాత జిల్లాల నేల మీదే. అందుకే ఈ చట్టం అడగాల్సిన బాధ్యత ముందు మీ 26 మంది మీద ఉందని నా నమ్మకం.

చటాన్‌పల్లి దగ్గర కొంచెం ఆగాలి. ఈ మాట ఎత్తగానే 'ఆ దుర్మార్గుల కోసం ఏడుస్తున్నావా' అని అడుగుతారు. నాకు ఇద్దరు కూతుళ్లు, ఒక మనవరాలు. దిశ అని మనం పిలుచుకున్న ఆ డాక్టరమ్మకు జరిగింది చదివిన రోజు నేను అన్నం తినలేదు. డిసెంబర్ 6 పొద్దున టీవీలో ఎన్‌కౌంటర్ వార్త వచ్చినప్పుడు మా వీధిలో స్వీట్లు పంచారు. చటాన్‌పల్లి వంతెన దగ్గర జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేను కూడా ఆ స్వీటు తిన్నాను. మళ్లీ ఆలోచించడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పోలీసులు చెప్పినదే తీసుకుందాం. నలుగురిలో ఇద్దరు పిస్తోళ్లు గుంజుకున్నారన్నారు. మరి మిగతా ఇద్దరు? వాళ్ల చేతుల్లో పిస్తోళ్లు ఉన్నాయని పోలీసులు కూడా అనలేదు. డిసెంబర్ 12న సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. కమిషన్‌కు ఇచ్చిన గడువు ఆరు నెలలు, నివేదిక చేతికి వచ్చింది 2022 జనవరిలో. అదే ఏడు మే 20న బయటపెట్టారు. చంపాలనే ఉద్దేశంతోనే ఆ నలుగురి మీద కాల్పులు జరిపారని, ఆయుధాలు గుంజుకున్నారన్న కథ నమ్మదగినది కాదని, నలుగురిలో ముగ్గురు ఆ రోజుకు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని కమిషన్ తేల్చింది. తర్వాత అది హైకోర్టుకు వచ్చింది. కమిషన్ చెప్పిందే ఆఖరి మాట అని నేను అనడం లేదు. ఆ పోలీసులకూ తమ వాదన కోర్టులో చెప్పుకునే హక్కు ఉంది. కానీ మా ఆర్డీఓ విచారణల్లో ఒక్కసారైనా బయటికి రానివి ఇందులో ఎట్లా వచ్చాయి? వచ్చిన వాళ్లు బయటివాళ్లు కాబట్టి. వాళ్లకు ఇక్కడి ఎస్పీతో గానీ, కలెక్టరుతో గానీ పని లేదు కాబట్టి.

ఇంకో మాట. దిశ ఘటన జరిగిన వారంలోనే, 2019 నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లాలో సమత అని పేరు పెట్టిన ఒక పేద తల్లి మీద అత్యాచారం చేసి చంపారు. ఆ కేసును ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు విచారించి 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. రెండు నెలల మీద ఒక వారం కూడా పట్టలేదు. సాక్షులు వచ్చారు, రుజువులు పెట్టారు, తీర్పు రాశారు. సమత ఇంటివాళ్లకు ఎవరు చేశారో, ఏం చేశారో కోర్టు కాగితం మీద ఉంది. దిశ ఇంటివాళ్లకు అది లేదు. ఆ నలుగురే చేశారని ఏ కోర్టూ రాయలేదు, ఇక రాయదు కూడా. మన కోర్టులకు చేతకాదని అనుకునేవాళ్లు ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

'నియమాలు ఉన్నాయి కదా' అంటారు. ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మన నేలే పుట్టిల్లు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో ఉత్తర్వు ఇచ్చింది. 1997లో దాన్నే అన్ని రాష్ట్రాలకూ పంపింది. 2009 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని మన హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణం జరిగితే పోలీసుల మీద హత్య కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ అన్నది కోర్టులో రుజువు చేసుకోవాలని చెప్పింది. దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి, దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ చేయాలి, పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి, ఘటన అయిన వెంటనే పదోన్నతులూ అవార్డులూ ఇవ్వకూడదు. మంచివే. కానీ వేరే స్టేషన్ అంటే ఏమిటి? పక్క స్టేషన్ ఇన్‌స్పెక్టరు కూడా అదే ఎస్పీ కింద ఉంటాడు, రేపు ఇద్దరూ ఒకరి స్థానంలోకి ఒకరు బదిలీ కావచ్చు. ఆ మార్గదర్శకాలు వచ్చిన ఏడు నెలల్లోపే ఆలేరు జరిగింది. ఆలేరుకు ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు, అందులో ఉన్నదీ పోలీసు అధికారులే. ఆ మార్గదర్శకాలు సరిపోయేవే అయితే చటాన్‌పల్లికి సుప్రీంకోర్టు కమిషన్‌ను పంపాల్సిన అవసరం ఎందుకు వచ్చింది?

ఆ మార్గదర్శకాల్లోనే ప్రతి మరణాన్నీ జాతీయ లేదా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలని ఉంది. మన రాష్ట్ర కమిషన్ రెండేళ్లకు పైగా చైర్మన్ లేకుండా ఖాళీగా ఉండి, 2025 ఏప్రిల్‌లో నిండింది. ఎప్పుడు నింపాలో ప్రభుత్వం ఇష్టమైనప్పుడు, ప్రజలు ఎవరికి చెప్పుకోవాలి? పోలీసుల మీద ఫిర్యాదులు విడిగా వినే అథారిటీలు రాష్ట్రాల్లో, జిల్లాల్లో పెట్టాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేరళ 2011లో తన పోలీసు చట్టంలోనే వాటికి చోటు ఇచ్చింది. మన జిల్లాల్లో అట్లాంటి అథారిటీ గడప తొక్కి వచ్చిన మనిషి ఒక్కరు కూడా నాకు తారసపడలేదు.

మాది చిన్న రాష్ట్రం, మేమెట్లా చేస్తాం అని మీరు అనుకోవచ్చు. అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రం సంగతి చెబుతాను. మన తెలంగాణలో ఉన్నంత జనాభా కూడా అక్కడ లేదు. 2004 నవంబర్‌లో కెనోషా అనే ఊళ్లో, ఇంటి ముందే, తల్లీ చెల్లీ చూస్తుండగా ఒక 21 ఏళ్ల కుర్రాణ్ని పోలీసులు కాల్చి చంపారు. రెండు రోజుల్లోనే పోలీసు శాఖ తన విచారణ తానే ముగించి తప్పేమీ లేదని తేల్చుకుంది. ఆ కుర్రాడి తండ్రి వైమానిక దళంలో పనిచేసి రిటైర్ అయిన అధికారి. వ్యవస్థ మీద కోపం పెంచుకోవాల్సిన మనిషి కాదు, అందులోనే బతికినవాడు. కేసులో పరిహారంగా వచ్చిన డబ్బుతో రోడ్ల పక్కన పెద్ద బోర్డులు పెట్టించాడు, పేపర్లలో ప్రకటనలు ఇచ్చాడు. ఆ రాష్ట్రంలో నూరేళ్లకు పైబడిన రికార్డులు వెతికినా, పోలీసు కాల్పులు తప్పు అని తేల్చిన విచారణ ఒక్కటి కూడా తనకు దొరకలేదని రాశాడు. పదేళ్లు తిరిగాడు. రెండు పార్టీల సభ్యులూ కలిశారు. 2014 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. పోలీసు చేతిలో మనిషి చనిపోతే దర్యాప్తులో కనీసం ఇద్దరు బయటి శాఖ వాళ్లు ఉండాలి, పోలీసు మీద కేసు పెట్టకపోతే నివేదిక ప్రజల ముందు పెట్టాలి. అమెరికాలో అట్లాంటి రాష్ట్ర చట్టం అదే మొదటిది. తర్వాత కాలిఫోర్నియా 2020లో చట్టం చేసింది. చేతిలో ఆయుధం లేని మనిషిని పోలీసు కాల్చి చంపితే దర్యాప్తు రాష్ట్ర అటార్నీ జనరల్ చేయాలి. కెనడాలో ఒంటారియో 1990లోనే ప్రత్యేక దర్యాప్తు విభాగం పెట్టింది, దాని అధిపతి మాజీ పోలీసు అయి ఉండకూడదని నియమం.

అక్కడిది యథాతథంగా తెచ్చి ఇక్కడ పెట్టమనడం లేదు. విస్కాన్సిన్‌లో ఒక్కో ఊరికి ఒక్కో పోలీసు శాఖ ఉంటుంది, పక్క శాఖ అంటే నిజంగానే పక్క శాఖ. మన దగ్గర రాష్ట్రమంతా ఒకే శాఖ, ఒకే డీజీపీ. కాబట్టి మనకు పోలీసు శాఖ బయటి నుంచే మనుషులు కావాలి.

చట్టంలో ఏం ఉండాలో పండితులు రాస్తారు. కింది మెట్టు మీద కూర్చుని చూసినవాడిగా నాకు తెలిసినవి చెబుతాను. అన్నింటికన్నా ముఖ్యం మొదటి ఆరు గంటలు. శవం కదిలేది, తుపాకులు చేతులు మారేది, పంచులు వచ్చేది, కథ ఒకటి గట్టిపడేది ఆ గంటల్లోనే. ఆరు నెలల తర్వాత ఎంత పెద్ద జడ్జి వచ్చినా ఆ గంటలు తిరిగి రావు. కాబట్టి కాల్పులు జరిగిన వెంటనే స్వతంత్ర సంస్థకు కబురు పోవాలి, వాళ్ల మనుషులు వచ్చేదాకా ఆ చోటు ఎవరూ ముట్టుకోకూడదు. గాయపడినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం తప్ప. కాల్చిన తుపాకులు వాళ్లకే అప్పగించాలి. కాల్పుల్లో పాల్గొన్న పోలీసులను విడివిడిగా ఉంచి విడివిడిగా వాంగ్మూలం తీసుకోవాలి. ఒకే జీపులో వచ్చి ఒకే మాట చెప్పే పద్ధతి అక్కడే ఆగుతుంది. జీపుల జీపీఎస్, వైర్‌లెస్ సెట్ల రికార్డు, సెల్‌ఫోన్ వివరాలు, స్టేషన్ సీసీ కెమెరాల దృశ్యాలు అదే రోజు భద్రం చేయాలి. శవ పంచనామా జ్యుడీషియల్ మేజిస్ట్రేటు రాయాలి, నాలాంటి గుమాస్తా కాదు. అంగీ మీద మరక ఉంటే మరక ఉందని రాయాలి.

సంస్థకు అధిపతిగా రిటైర్డ్ హైకోర్టు జడ్జిని పెట్టండి. ఆయన్ను ఎంచుకునే కమిటీలో ముఖ్యమంత్రితో పాటు ప్రతిపక్ష నాయకుడూ, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పంపే మనిషీ ఉండాలి. ఖాళీ అయిన పదవిని ఇన్ని రోజుల్లో నింపాలని చట్టంలోనే రాయండి, లేకపోతే మానవ హక్కుల కమిషన్‌కు పట్టిన గతే పడుతుంది. సొంత దర్యాప్తు సిబ్బంది, సొంత ఫోరెన్సిక్ నిపుణులు కావాలి. బడ్జెట్ హోం శాఖ దగ్గర చేయి చాచకుండా నేరుగా రావాలి. నివేదిక ఆరు నెలల్లో వచ్చి అసెంబ్లీ ముందుకు రావాలి. చనిపోయినవాళ్ల ఇంటికి దాని కాపీ తెలుగులో గానీ, వాళ్లకు అర్థమయ్యే భాషలో గానీ ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక వకీలును కూడా పెట్టాలి. ఆ తల్లి నా బల్ల దగ్గర నిలబడి అడిగింది ఇదే, కొడుకు కాగితం చదివి చెప్పమని.

'రాష్ట్రానికి ఆ అధికారం ఉందా' అని మీలో కొందరు అడుగుతారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో రెండో అంశం పోలీసు. పోలీసు శాఖ ఎట్లా నడవాలో, ఎవరికి జవాబు చెప్పాలో నిర్ణయించే అధికారం మీదే. నేర విచారణ పద్ధతి ఉమ్మడి జాబితాలో ఉంది. కేంద్ర చట్టంతో ఎక్కడైనా తేడా వస్తే రాష్ట్రపతి ఆమోదం తీసుకోవచ్చు. దారి ఉంది, నడవాలన్న ఇష్టం కావాలి.

పోలీసు మిత్రులతో కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం వాళ్ల మీద కోపంతో రాస్తున్నది కాదు. 2015 ఏప్రిల్ మొదటి వారం నల్లగొండ వాళ్లు ఎవరూ మర్చిపోలేదు. సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తుంటే ఒక కానిస్టేబుల్‌ను, ఒక హోంగార్డును దుండగులు కాల్చి చంపారు. ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర కాల్పుల్లో ఇంకో కానిస్టేబుల్ చనిపోయాడు. తూటాలు తగిలిన ఎస్సై ఆసుపత్రిలో ఏప్రిల్ 7న కన్నుమూశాడు. ఆలేరు కాల్పులు జరిగింది కూడా అదే రోజు. జానకీపురంలో ఆ పోలీసులు నిజంగా ఎదురు నిలిచి పోరాడారు, ప్రాణాలు ఇచ్చారు. కానీ ఎన్‌కౌంటర్ అన్న మాటకే జనంలో విలువ పోయింది. నిజమైనదాన్ని కూడా 'ఎన్‌కౌంటరేలే' అని తీసిపారేస్తున్నారు. బయటి సంస్థ ఒకటి తేల్చి, ఇది నిజంగా ఆత్మరక్షణే అని రాస్తే, ఆ ఎస్సై కుటుంబం ఎవరి ముందైనా ఆ కాగితం చూపించుకోగలదు. ఇప్పుడున్న పద్ధతిలో నిజాయితీగా కాల్చినవాడికీ, కావాలని కాల్చినవాడికీ ఒకే రకం కాగితం వస్తుంది. పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు 'సార్, రేపు బయటివాళ్లు వస్తారు' అని చెప్పుకునే ఆసరా కింది స్థాయి ఎస్సైకి, కానిస్టేబుల్‌కు చట్టమే ఇస్తుంది. ఆ ఆసరా లేకే కొందరు చిక్కుకున్నారని నా అభిప్రాయం.

మీలో అధికార పక్షం వాళ్లు, ప్రతిపక్షం వాళ్లు అందరూ ఉన్నారు. ఆలేరు ఒక ప్రభుత్వం కాలంలో జరిగింది కాబట్టి రెండో పక్షం వాళ్లు మాట్లాడడం, ఇంకోటి జరిగితే వీళ్లు మాట్లాడడం కాకుండా, 26 మందీ కలిసి ఒక బిల్లు పెట్టండి. ప్రభుత్వం పెట్టకపోతే ప్రైవేటు సభ్యుడి బిల్లుగానైనా పెట్టండి, సభలో చర్చ జరగనివ్వండి. మీలో ఎవరు రమ్మన్నా వస్తాను, నాకు తెలిసిన ఫైళ్ల నడక అంతా కూర్చుని చెబుతాను.

పాత కేసుల్లో కుటుంబాలు కోరితే ఆ సంస్థ మళ్లీ చూడవచ్చు అన్న నిబంధన కూడా చట్టంలో పెట్టండి. పెడితే మొదటి వాంగ్మూలం నాది. ఆ వాగు పక్కన నేను రాసిన పంచనామాలో ఏం రాశానో, ఏం రాయకుండా వదిలానో ప్రమాణం చేసి చెబుతాను. దానికి నా పెన్షన్ మీదికి వచ్చినా, నా మీద కేసు వచ్చినా సరే. ఆ తల్లి ఇంకా బతికే ఉంటే ఎనభై దాటి ఉంటుంది. ఆమె ఊరి పేరు నాకు గుర్తుంది. సంస్థ వాళ్లు వెళ్లేటప్పుడు నన్ను కూడా జీపు ఎక్కించుకుంటే, ఆ రోజు లేదని చెప్పిన కాగితం ఆమెకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దార్,
నాగర్‌కర్నూల్ జిల్లా